మొదటి .22 పిస్టల్ ఎలా ఎంచుకోవాలి? అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

డాలస్ దగ్గర మా క్లబ్బులో నెలకోసారి స్టీల్ మ్యాచ్ జరుగుతుంది. నిలబెట్టిన ఉక్కు పలకలను వరుసగా కొట్టుకుంటూ పోవడమే ఆట. ఈమధ్య అక్కడ తెలుగు మాటలు బాగానే వినిపిస్తున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అక్కా, మొదటిసారి కొంటున్నాను, ఏ పిస్టల్ తీసుకోమంటారు?"

నేను వెంటనే పేరు చెప్పను. ముందు మ్యాచ్ చూడండి, తర్వాత చేత్తో పట్టుకోండి, ఆ తర్వాతే డబ్బు తీయండి అంటాను. నేను ఈ పనులన్నీ తలకిందులుగా చేశాను. నా చేతులు చిన్నవి కాబట్టి షాపులో కనిపించిన అన్నిటికన్నా చిన్న పిస్టల్ కొనుక్కొచ్చాను. దాని గొట్టం పొట్టి, బరువు తక్కువ. చేతిలో ఏ కాస్త వణుకు వచ్చినా గురి పక్కకు పోయేది. దాంతోపాటు ఒక్క మ్యాగజైనే (తూటాలు నింపి పిడిలోకి తోసే డబ్బీ) వచ్చింది. ఆరు నెలలకు నష్టానికి అమ్మేసి మళ్ళీ మొదటికొచ్చాను. మీకు ఆ ఖర్చు, ఆ ఆరు నెలలు మిగలాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా, .22 ఎందుకు?

.22 అంటే గుండు వెడల్పు, అంగుళంలో సుమారు 0.22 వంతు. ఈ పిస్టళ్ళలో వాడే .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) తూటా 1887 నుంచి ఉంది. సీసపు గుండు బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములు. తూటాను పేల్చే మందు అడుగున మధ్యలో కాకుండా చుట్టూ ఉన్న అంచులో ఉంటుంది. పిస్టల్‌లోని సూది ఆ అంచు మీద కొడితే తూటా పేలుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. వెనక్కి తన్నడం దాదాపు ఉండదు. తూటా ఒక్కోటి పది సెంట్ల లోపు, కొంచెం అటూఇటూగా దొరుకుతుంది. పెద్ద పిస్టళ్ళలో వాడే 9 ఎంఎం తూటా అయితే రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే అవుతుంది.

ఖర్చు కన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. పెద్ద పిస్టల్‌తో మొదలుపెట్టినవాళ్ళ చేతికి ఒక బెదురు అలవాటవుతుంది. శబ్దం, తన్ను వస్తాయని ముందే తెలుసు కాబట్టి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మణికట్టు దానంతటదే కిందికి వంగుతుంది, గుండు కిందకి పోతుంది. ఒకసారి పట్టుకుంటే ఆ బెదురు పోగొట్టడం చాలా కష్టం. .22తో మొదలుపెడితే అసలు పట్టుకోకుండా చూసుకోవచ్చు.

మొదటి అడుగు: చట్టం మీకు ఒప్పుకుంటుందా?

దయచేసి ఈ భాగం దాటేసి వెళ్ళకండి. మనవాళ్ళలో చాలామందికి దీని గురించి తెలియదు, తెలియక చేసినా తప్పు తప్పే.

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోట) అద్దెకు తీసుకుని చేత్తో పట్టుకున్నా దగ్గర ఉంచుకున్నట్టే. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. అందరికీ అందుబాటులో ఉండేది అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. అది ఉన్నా సరే, గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడకుండా ముందుకు వెళ్ళొద్దని నా మాట. తుపాకీకి సంబంధించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపించే దాకా వెళుతుంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకీ అదే వర్తిస్తుంది.

గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్ళు, పౌరులు కొనుక్కోవచ్చు. లైసెన్స్ ఉన్న షాపులో పిస్టల్ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, మీరుండే రాష్ట్రంలోనే తీసుకోవాలి. 4473 అనే ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. పౌరులు కానివాళ్ళు ఏలియన్ నంబర్ కూడా రాయాలి. అందులో గంజాయి వాడకం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. మీ రాష్ట్రంలో అది చట్టబద్ధమే అయినా ఫెడరల్ చట్టానికి అది లెక్కలోకి రాదని ఆ ఫారం మీదే రాసి ఉంటుంది.

ఇంకొక మాట. వీసా మీద ఉన్న స్నేహితుడు డబ్బులిచ్చి "నీ పేరు మీద కొనిపెట్టు బావా" అంటే ఎంత దగ్గరివాడైనా కుదరదని చెప్పండి. ఇంకొకరి కోసం కొంటూ మీ కోసమే కొంటున్నట్టు ఆ ఫారంలో రాస్తే అది పెద్ద నేరం.

రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి. న్యూజెర్సీలో ప్రతి పిస్టల్‌కూ ముందే అనుమతి పత్రం తీసుకోవాలి. న్యూయార్క్‌లో పిస్టల్ లైసెన్స్ ఉండాలి. ఇల్లినాయ్‌లో ఫాయిడ్ కార్డు (తుపాకీ ఉంచుకునేవాళ్ళకు ఇచ్చే గుర్తింపు కార్డు) కావాలి. కాలిఫోర్నియాలో పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, కొన్నాక పది రోజులు ఆగాలి, పైగా షాపులో కొత్తగా అమ్మే పిస్టళ్ళు ఆ రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉండాలి. మోడల్ మీద మనసు పడకముందే మీ రాష్ట్రంలో అది అమ్ముతారో లేదో చూసుకోండి.

(ఊళ్ళో ఉండి ఇది చదువుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ: మన దేశంలో .22కి ఆయుధ లైసెన్స్ కావాలి. దాదాపు అందరూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తోనే మొదలుపెడతారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఎయిర్ పిస్టల్‌లోనూ, .22 వాడే 25 మీటర్ల పిస్టల్‌లోనూ పతకాలు తెచ్చింది. అవి 2023లో జరిగాయి. 25 మీటర్ల టీమ్ ఈవెంట్‌లో వచ్చింది బంగారు పతకం.)

రెండో అడుగు: ఏ ఆట ఆడతారో తేల్చుకోండి

మీ దగ్గరలో ఏ మ్యాచ్‌లు జరుగుతున్నాయో వెతికి, ఒక శనివారం పొద్దున ఖాళీ చేతులతో వెళ్ళి చూడండి. కళ్ళద్దాలు, చెవులకు మఫ్స్ ఉంటే చాలు. వచ్చినవాళ్ళు ఏ పిస్టల్ వాడుతున్నారని అడగండి. చాలామంది సంతోషంగా చూపిస్తారు. మామూలుగా మీకు ఎదురయ్యేవి రెండు రకాల ఆటలు.

ఒకటి స్టీల్ ఛాలెంజ్. 1981లో మొదలైంది. మొత్తం ఎనిమిది స్టేజీలు. ఒక్కో స్టేజీలో అయిదు పలకలు ఉంటాయి. నాలుగింటిని ఏ వరుసలోనైనా కొట్టి, చివర్లో స్టాప్ ప్లేట్ కొడితే టైమర్ ఆగుతుంది. ఇలా అయిదుసార్లు చేస్తే, అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన టైము తీసేసి మిగతా నాలుగూ కూడతారు. ఒక్క అవుటర్ లిమిట్స్ అనే స్టేజీలో మాత్రం నాలుగుసార్లే. పలక తప్పితే మూడు సెకన్లు అదనం. దూరాలు ఏడు గజాల నుంచి 35 గజాల దాకా ఉంటాయి. .22 వాళ్ళు నడుముకున్న హోల్‌స్టర్ నుంచి పిస్టల్ లాగే పని లేదు. రెండు చేతులతో పట్టుకుని, ముందు నేల మీద పెట్టిన గుర్తు వైపు చూపిస్తూ నిలబడితే చాలు, బీప్ వినగానే లేపాలి. కొత్తవాళ్ళకు ఇంతకన్నా సురక్షితమైన, సరదా అయిన ఆట నాకు తెలిసి లేదు.

రెండోది బుల్స్‌ఐ. ఒంటి చేత్తో కాల్చాలి. 50 గజాల దూరంలో కాగితం మీద పది గుండ్లకు పది నిమిషాలు. తర్వాత 25 గజాల్లో అయిదు గుండ్లకు 20 సెకన్లు, ఆ తర్వాత అయిదు గుండ్లకు పదే సెకన్లు. చలికాలంలో చాలా క్లబ్బులు దీన్నే ఇండోర్ రేంజ్‌లో 50 అడుగుల దూరంలో, చిన్న టార్గెట్ల మీద లీగ్‌గా నడుపుతాయి. ఇక్కడ కావలసింది వేగం కాదు, ఓర్పు. పొద్దున్నే యోగా చేసే మా స్నేహితురాలు ఒకామె స్టీల్ వైపు కన్నెత్తి చూడదు, బుల్స్‌ఐ అంటే ప్రాణం పెడుతుంది. ఆ నెమ్మదే ఆమెకు నచ్చింది.

ఆట తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. స్టీల్‌కి తేలిగ్గా కదిలే పిస్టల్, ఎక్కువ మ్యాగజైన్లు కావాలి. బుల్స్‌ఐకి బరువైన గొట్టం, శుభ్రంగా తెగే ట్రిగ్గర్, అటూఇటూ జరుపుకునే గురి పట్టీ కావాలి.

మూడో అడుగు: చేతికి సరిపోయిందా చూడండి

ఎంపికలో నేను అన్నిటికన్నా ఎక్కువ సేపు గడపమనేది ఇక్కడే. రేంజ్‌లో గంటకు అద్దెకిచ్చే పిస్టళ్ళు ఉంటాయి. కనీసం మూడు రకాలు కాల్చి చూడండి. షాపులో చూస్తుంటే కౌంటర్ దగ్గరున్న వాళ్ళతో ఖాళీ చేయించి, మీ కళ్ళతో కూడా ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) చూసి, ఎటు చూపించవచ్చో అడిగి అప్పుడు పట్టుకోండి.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే మెత్తటి కండ పిడి వెనక వీలైనంత పైకి ఆనాలి. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద సులువుగా పడాలి. వేలి కొన మాత్రమే అందుతుంటే పిడి మీకు పెద్దది. వేలు రెండో గీత దాకా లోపలికి పోతుంటే చిన్నది.

ఇప్పుడు గోడ మీద ఒక చుక్క చూసుకుని కళ్ళు మూసుకోండి. పిస్టల్ లేపి చుక్క వైపు చూపించి, కళ్ళు తెరవండి. ముందు గురి వెనక గాడి మధ్యలోనే కనిపిస్తే పిడి వాలు మీ మణికట్టుకు కుదిరినట్టే. ఆకాశంలోకో నేలలోకో చూస్తుంటే కుదరలేదు. ఇది మూడుసార్లు చేయండి. రూగర్ మార్క్ 4 పిడి బాగా వాలుగా ఉంటుంది. అదే కంపెనీ 22/45 రకంలోనూ, బ్రౌనింగ్ బక్ మార్క్‌లోనూ పిడి నిటారుగా, 1911 అనే పాత మోడల్ పిస్టల్ తీరులో ఉంటుంది. నా మణికట్టుకు నిటారుదే కుదిరింది, మా ఆయనకు వాలుది. ఒకే ఇంట్లో రెండు రకాలు.

తర్వాత వెనక్కి లాగి చూడండి. ఇలాంటి చాలా .22 పిస్టళ్ళలో పైనున్న మొత్తం భాగం కదలదు. వెనక వైపు రెండు చిన్న చెవుల్లాంటివి ఉంటాయి, వాటిని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాలి. చేతులు చెమటగా ఉన్నప్పుడు అవి జారతాయి. పదిసార్లు లాగండి. ఆరోసారికే వేళ్ళు నొప్పి పెడితే మ్యాచ్ రోజు ఇబ్బందే.

చివరగా ట్రిగ్గర్. షాపువాళ్ళ అనుమతి లేకుండా ఖాళీ .22ని టక్కుమనిపించకండి. చాలా రిమ్‌ఫైర్ పిస్టళ్ళలో సూది నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి గాటు పడే ప్రమాదం ఉంది. ఒప్పుకుంటే నెమ్మదిగా నొక్కండి. మొదట కాస్త వదులు ఉంటుంది, తర్వాత గోడలా అడ్డు తగులుతుంది, అక్కడి నుంచి ఇంకాస్త ఒత్తితే తెగుతుంది. ఆ గోడ తర్వాత ఇసుకలో లాగుతున్నట్టు గరగరలాడకూడదు. చలికాలపు పొద్దున గాజు పుల్ల విరిగినట్టు తెగితే మంచి ట్రిగ్గర్. బుల్స్‌ఐలో .22 ట్రిగ్గర్ కనీసం రెండు పౌండ్ల బరువు మోయాలనే నియమం ఉంది కాబట్టి మరీ తేలికైనదాని కోసం వెంపర్లాడక్కర్లేదు.

నాలుగో అడుగు: ఏవి చూడాలి

ఇప్పుడు పేర్లు చెబుతాను. ధరలు షాపును బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి, ఇవి సుమారు లెక్కలు.

రూగర్ మార్క్ 4. ఈ కంపెనీ 1949లో మొదలైందే .22 పిస్టల్‌తో, అప్పుడు ధర 37 డాలర్ల 50 సెంట్లు. అదే వంశంలో నాలుగో తరం 2016లో వచ్చింది. పాత మార్క్ 3ని విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించడం అంటే ఒక సాయంత్రం పోయినట్టే. మార్క్ 4 వెనకున్న ఒక్క బటన్ నొక్కితే తలుపు తెరుచుకున్నట్టు పైభాగం పైకి లేస్తుంది. కొత్తవాళ్ళకు ఇదొక్కటి చాలు అనిపిస్తుంది నాకు. మామూలు రకాలు 400 నుంచి, మంచివి 700 పైన. 22/45 లైట్ అనే తేలిక రకం స్టీల్ మ్యాచ్‌లో చాలామంది చేతుల్లో కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. 2017 జూన్ 1కి ముందు తయారైన మార్క్ 4లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసింది. సేఫ్టీ మీట సగంలో ఆగి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే, తర్వాత మీట జరిపేటప్పుడు పేలే అవకాశం ఉండడమే కారణం. పాతది కొంటుంటే సీరియల్ నంబర్‌తో కంపెనీ దగ్గర సరిచూసుకోండి.

బ్రౌనింగ్ బక్ మార్క్. 1985 నుంచి వస్తోంది. పెట్టెలోంచి తీసిన వెంటనే ఉండే ట్రిగ్గర్ చూస్తే, ఈ ధరలో నాకు ఇదే నచ్చుతుంది. విప్పడానికి మాత్రం చిన్న హెక్స్ కీ కావాలి, పైనున్న స్క్రూలు అప్పుడప్పుడు వదులవుతాయి. మ్యాచ్ సంచిలో ఆ కీ పెట్టుకోవాలి. 400 నుంచి 700 లోపు చాలా రకాలు.

స్మిత్ అండ్ వెసన్ విక్టరీ. ఇదీ 2016లోనే వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీల్, అయిదున్నర అంగుళాల గొట్టం, రెండు పౌండ్లకు పైనే బరువు. ఒక్క స్క్రూ తీస్తే గొట్టం చేతికొస్తుంది, తర్వాత వేరే గొట్టం మార్చుకోవచ్చు. 400 చుట్టుపక్కల దొరుకుతుంది. ఖర్చు చూసుకునే వాళ్ళు బుల్స్‌ఐ మొదలుపెట్టడానికి ఇది మంచి దారి.

టారస్ టీఎక్స్22. 300 అటూఇటూ. చాలా రాష్ట్రాల్లో 16 తూటాల మ్యాగజైన్‌తో వస్తుంది, మిగతా మూడిటికీ పదే. తేలిక, ప్లాస్టిక్ పిడి. తర్వాత 9 ఎంఎం కొనాలనుకునేవాళ్ళకు పట్టు అలవాటవుతుంది. కాగితం మీద గుండ్లన్నీ దగ్గరదగ్గరగా పడాలంటే మాత్రం ఇది చాలదు.

పాత సినిమాల్లో కౌబాయ్ రివాల్వర్ లాంటి చౌక .22లు 200 లోపే దొరుకుతాయి. పెరట్లో డబ్బాలు కొట్టడానికి బాగుంటాయి. ఒక్కో గుండుకూ సుత్తి వెనక్కి లాగాలి, ఒక్కో తూటా చేత్తో తీసి పెట్టాలి, మ్యాచ్‌కు పనికిరావు. 1957 నుంచి వస్తున్న స్మిత్ మోడల్ 41 అద్భుతంగా ఉంటుంది, కానీ మొదటి పిస్టల్‌గా వద్దు. ఆ డబ్బుతో విక్టరీ కొని, మిగిలినదానికి రెండేళ్ళ తూటాలు కొనుక్కోవచ్చు.

రెడ్ డాట్ గురించి, అంటే ఎర్ర చుక్కతో గురి చూపించే చిన్న అద్దం గురించి, అందరూ అడుగుతారు. నలభై దాటి దగ్గర చూపు తగ్గినవాళ్ళకు ముందు గురి మసకగా కనిపిస్తుంది, వాళ్ళకు డాట్ వరమే. అస్టిగ్మాటిజం ఉంటే మాత్రం చుక్క గుండ్రంగా కాకుండా చుక్కల ముగ్గులా చిట్లి కనిపిస్తుంది, కొనే ముందు చూసుకోండి. డాట్ పెడితే స్టీల్ ఛాలెంజ్‌లో మీరు ఓపెన్ డివిజన్‌లోకి వెళతారు, మామూలు ఇనప గురితో అయితే ఐరన్స్ డివిజన్. మొదటి ఆరు నెలలు ఇనప గురితోనే కాల్చమంటాను. పైన పట్టాలున్న మోడల్ కొంటే డాట్ ఎప్పుడైనా బిగించుకోవచ్చు.

అయిదో అడుగు: మొత్తం లెక్క వేసుకోండి

చేతిలో 600 ఉంటే 600 పిస్టల్ కొనకండి, 400ది కొనండి. మ్యాగజైన్లు కనీసం అయిదు కావాలి, స్టీల్‌లో ఒక్కో స్టేజీని అయిదుసార్లు కాల్చాలి కాబట్టి, ఒక్కోసారికీ ఒకటి చొప్పున. సాధారణంగా ఒక్కోటి 20 నుంచి 30 డాలర్లు. రెండు పిస్టళ్ళ మధ్య ఎటూ తేలకపోతే మ్యాగజైన్ చౌకగా, సులువుగా దొరికేదాన్ని తీసుకోండి. ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్స్, పక్కల నుంచి కూడా కప్పే కళ్ళద్దాలు, పిస్టల్ ఖాళీ అని తెలిసేలా ఛాంబర్‌లో పెట్టే పసుపో నారింజో రంగు ఫ్లాగ్, తాళం వేసే పెట్టె. ఇవన్నీ కలిపి లెక్కపెట్టండి.

ఆరో అడుగు: ఏ తూటా పడుతుందో మీ పిస్టల్‌నే అడగండి

ఇది .22కే ఉన్న విచిత్రం. ఒకే మోడల్ పిస్టళ్ళు రెండు పక్కపక్కన పెడితే ఒకదానికి నచ్చిన తూటా రెండోదానికి నచ్చదు. అందుకే మొదటి నెల మూడు నాలుగు రకాలు ఒక్కో పెట్టె కొనండి. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ, సీసీఐ మినీ మ్యాగ్, ఫెడరల్ ఆటోమ్యాచ్, అగీలా, ఇలా. ఇసుక సంచి మీద చేతులు ఆనించి 15 గజాల్లో ఒక్కో రకం 50 కాల్చండి. చిన్న నోట్‌బుక్‌లో రెండే విషయాలు రాయండి: ఎన్నిసార్లు ఇరుక్కుంది, పది గుండ్లు ఎంత చోటులో పడ్డాయి. బక్ మార్క్ లాంటి బిగువైన పిస్టళ్ళకు మినీ మ్యాగ్ లాంటి వేగమైన తూటా మొదట్లో బాగా నడుస్తుంది, కాగితం మీద మాత్రం సాధారణంగా నెమ్మదైన స్టాండర్డ్ వెలాసిటీదే పైచేయి. దేనికి నచ్చిందో తేలాక అదే రకం పెద్ద డబ్బా తెచ్చుకోండి.

అంచులో మందు సరిగా పరుచుకోని తూటా ఒక్కోసారి పేలదు. కంగారు పడకండి. పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. తర్వాత తీసి పక్కన పెట్టండి. టప్‌మని నీరసంగా శబ్దం వచ్చిందంటే మాత్రం వెంటనే ఆపేయాలి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. ఖాళీ చేసి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడకుండా రెండోది కాల్చకూడదు.

మ్యాగజైన్ నింపడంలో కూడా ఒక కిటుకుంది. పక్కనున్న బటన్‌ను బొటనవేలితో పూర్తిగా కిందికి లాగి తూటాలు పోస్తే ఒకదాని అంచు ఇంకోదాని వెనక చిక్కుకుంటుంది, తర్వాత ప్రతి మూడోదీ ఇరుక్కుంటుంది. ఒక్కో తూటాకు ఎంత చోటు కావాలో అంతే లాగాలి. తూటాను ముక్కు కాస్త పైకెత్తి జారవిడవాలి, లోపల టిక్ అని చిన్న శబ్దం వస్తుంది. పది నింపాక మ్యాగజైన్ వీపును అరచేతి మీద రెండుసార్లు తట్టండి. నా మొదటి మ్యాచ్‌లో వచ్చిన జామ్‌లలో సగం ఈ తొందర వల్లే.

ఏడో అడుగు: ఇంట్లో

మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది. పండక్కో పుట్టినరోజుకో పదిహేను కుటుంబాలు వస్తాయి. పెద్దవాళ్ళు కింద హాల్లో, పిల్లలు మేడ మీద. దాగుడుమూతల్లో ప్రతి అల్మరా తెరుచుకుంటుంది, బట్టల మధ్య, మంచం కింద, సూట్‌కేసుల వెనక, అన్నీ. బీరువాలో చీరల కింద దాచితే చాలనుకునే రోజులు కావివి. గోడకో నేలకో బోల్టు వేసిన ఉక్కు పెట్టెలో ఖాళీ పిస్టల్, తూటాలు వేరే తాళం కింద. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో పిల్లల చేతికి తుపాకీ అందేలా వదిలేయడం నేరం. చట్టం లేకపోయినా చేయాల్సింది ఇదే.

సీసం గురించి కూడా చెప్పాలి. గుండు సీసం, అంచులో మందులోనూ సీసమే. రేంజ్ నుంచి బయటపడగానే చల్లటి నీళ్ళతో, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోండి. అప్పటిదాకా వేరుశనగలు కూడా నోట్లో వేసుకోకండి. చెప్పులు బయట విడిచే మన అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది, రేంజ్ బూట్లు గరాజ్‌లోనే ఉంచండి. గర్భిణులు రేంజ్‌కు దూరంగా ఉండడమే మంచిది.

ఎనిమిదో అడుగు: మొదటి నెల సాధన

నాలుగు సూత్రాలు మనసులో తిరుగుతూ ఉండాలి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. కాల్చకూడని దాని వైపు గొట్టం చూపించకూడదు. గురి కుదిరే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. క్లబ్బులో ఒక శిక్షణ క్లాసు తీసుకుంటే ఇవి చేతికి పట్టుబడతాయి.

వారానికి వంద తూటాలు చాలు. మొదట ఏడు గజాలు, పెద్ద టార్గెట్. వేగం వద్దు. స్నేహితుడి చేత మ్యాగజైన్‌లో ఒకటి రెండు డమ్మీ (పేలని) తూటాలు కలిపించి, ఎక్కడ పెట్టారో మీకు తెలియకుండా కాల్చండి. డమ్మీ వచ్చినప్పుడు పిస్టల్ ముక్కు కిందికి వంగిందంటే బెదురు మొదలైందని అర్థం. అక్కడ ఆగి, శ్వాస తీసుకుని, మళ్ళీ నెమ్మదిగా. ఇంట్లో ఖాళీగా సాధన చేయాలంటే ముందు మీ మాన్యువల్ చదవండి. మార్క్ 4కు ఖాళీగా నొక్కడం ఫర్వాలేదని అందులోనే ఉంది. మిగతావాటికి చాలామంది గోడలో స్క్రూ బిగించేటప్పుడు వాడే చిన్న పసుపు ప్లాస్టిక్ యాంకర్లను ఛాంబర్‌లో పెడతారు, సూది దెబ్బ ప్లాస్టిక్ మీద పడుతుంది. ఆ గదిలో తూటా ఒక్కటి కూడా ఉండకూడదు.

.22 త్వరగా మసి పడుతుంది. వెళ్ళిన ప్రతిసారీ బోల్ట్ (వెనక్కి లాగే భాగం) ముఖం, ఛాంబర్ తుడిచి రెండు చుక్కల నూనె. గొట్టాన్ని అదేపనిగా రుద్దక్కర్లేదు. ట్రిగ్గర్ మార్చే కిట్లు, రంగురంగుల పిడులు రెండువేల తూటాలు కాల్చాక ఆలోచిద్దాం.

తొమ్మిదో అడుగు: మొదటి మ్యాచ్

ఎనిమిది స్టేజీలకూ ఒక్కటీ తప్పకుండా కాలిస్తే 195 తూటాలు. తప్పుతాం కాబట్టి 300 తీసుకెళ్ళండి. మెడ దగ్గరగా ఉండే టీషర్ట్, అంచున్న టోపీ వేసుకోండి. వేడి ఇత్తడి తొడుగు మెడలోంచి లోపలికి జారితే పిస్టల్ పట్టుకుని గెంతడం చాలా ప్రమాదం. పిస్టల్ ఖాళీగా, ఫ్లాగ్ పెట్టి, సంచిలోనే ఉండాలి. మీ వంతు వచ్చి రేంజ్ ఆఫీసర్ చెప్పే దాకా జిప్ తీయకండి. ముందే పిస్టల్ తీసి బల్ల మీద సర్దుకుందామని చూసినా ఇంటికి పంపిస్తారు.

మొదటిసారి వచ్చానని ఆఫీసర్‌కి ముందే చెప్పండి. "మేక్ రెడీ" అంటే నింపుకోవాలి. "ఆర్ యూ రెడీ", "స్టాండ్ బై", తర్వాత బీప్. అయిపోయాక ఖాళీ చేసి, ఛాంబర్ చూపించి, ఫ్లాగ్ పెట్టి, సంచిలో పెట్టేయాలి. స్మోక్ అండ్ హోప్ అనే స్టేజీలో నాలుగు పెద్ద పలకలు దగ్గరగా ఉంటాయి, అందరూ తొందరపడేది అక్కడే. ఒక్కో పలకకూ ముందు గురి చూసి కొట్టండి, ఠింగ్‌మనే శబ్దం కోసం ఆగకండి.

ఇండియా ప్రయాణానికి ముందు

రేంజ్ సంచిని ప్రయాణాలకు వాడకండి. ఎప్పటికీ. తూటా ఒక్కటి బ్యాగులో దొరికినా మన విమానాశ్రయాల్లో ఆయుధ చట్టం కింద కేసు పెడతారు, "మర్చిపోయాను" అంటే వదలరు. అమెరికా విమానాశ్రయాల్లోనూ చేతి సంచిలో తూటాలు ఉండకూడదు. ఒకసారి హైదరాబాద్‌కు సర్దుకుంటున్నప్పుడు నా జాకెట్ జేబు కుట్టులో ఒక ఖాళీ తొడుగు తగిలింది. గోరంత, నాలుగు నెలలుగా అక్కడే ఉంది. అప్పటినుంచి ప్రయాణానికి వారం ముందు ఒక పనిగా పెట్టుకున్నాను. రేంజ్‌కి వేసుకెళ్ళిన జాకెట్లు, ప్యాంట్ల జేబులన్నీ బయటికి తిప్పి దులుపుతాను, బూట్ల అడుగు గాడుల్లో టార్చ్ వేసి చూస్తాను, కారు సీటు కింద వ్యాక్యూమ్ చేస్తాను. ఆ జాకెట్ ఇప్పుడు గరాజ్ దాటి ఇంట్లోకి రాదు.